వాల్వు జబ్బుకు ఏ స్కానింగ్? ఎకో గది నుంచి కొన్ని మాటలు

తిరుపతిలో ఎకో మిషన్, అంటే గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే మిషన్, ముందు కూర్చుని పనిచేసేవాణ్ణి నేను. ఛాతీ మీద ప్రోబు పెట్టీ పెట్టకముందే వారానికి నాలుగైదుసార్లు వినపడే మాట ఒకటుంది: "ఈ చిన్నది ఎందుకు నాయనా, ఆ పెద్ద మిషన్లో పెట్టి ఒకేసారి తీసేయరాదా?" పెద్ద మిషన్ అంటే వాళ్ళ దృష్టిలో ఎంఆర్ఐ. బిల్లు పెద్దదైతే నిజం ఎక్కువ తెలుస్తుందని మనవాళ్ళకో నమ్మకం.

గుండెలో రక్తాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే తలుపులైన వాల్వుల విషయంలో ఈ లెక్క కుదరదు. బిగుసుకుపోయిన వాల్వును ఎకో పట్టుకున్నంత బాగా ఎంఆర్ఐ పట్టుకోలేదు. లీకు ఎంతో తేల్చడంలో ఎకో తడబడిన చోట ఎంఆర్ఐ నిలబడుతుంది. ఆపరేషన్‌లో అమర్చిన లోహపు వాల్వు రెక్క ఇరుక్కుందా అని చూడాలంటే కదిలే ఎక్స్‌రే తెర మీద నిమిషాల్లో తేలిపోవచ్చు. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. కాబట్టి మీకు వాల్వు జబ్బు ఉందన్నా, ఉందేమోనని అనుమానపడ్డా ఈ వరసలో వెళ్ళండి.

1. ముందు ఆయాసాన్ని కొలిచి రాసుకోండి

స్కానింగ్ ఏదైనా, దాన్ని చదివేది మీ ఇబ్బందితో కలిపే. "కొంచెం ఆయాసంగా ఉంది సార్" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. మన ఊరివాళ్ళకు వేరే ఎవరికీ లేని కొలబద్ద ఒకటుంది: అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. "మూడేళ్ళ కింద గాలిగోపురం దాకా ఒక్కచోటే కూర్చున్నాను, పోయినేడు ఐదారుచోట్ల ఆగాను, ఇప్పుడు మా మేడ ఎక్కితేనే ఎగపోస్తోంది" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం అరపేజీ రిపోర్టుకు సమానం. కొలవడం కోసమని ఇప్పుడు మాత్రం ఎక్కకండి. గుండె జబ్బున్నవాళ్ళు నడకదారిలో రావద్దని టీటీడీయే చెబుతుంది.

ఇంకా రాసుకోవాల్సినవి: రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటే నిద్ర పడుతోంది, కాళ్ళు వాస్తున్నాయా, గుండె దడ ఉందా, నడుస్తుంటే ఛాతీ పట్టేసిందా, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా. చిన్నప్పుడు జ్వరంతో పాటు కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాచాయా అన్నది తప్పకుండా గుర్తు చేసుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళనూ అడగండి. గొంతు నొప్పితో మొదలయ్యే ఆ రుమాటిక్ జ్వరం ఏళ్ళ తర్వాత మైట్రల్ వాల్వును, అంటే గుండె ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపును, బిగించేస్తుంది.

ఇక్కడ ఆడవాళ్ళతో ఒక చిక్కుంది. "నాకు ఆయాసమేమీ లేదు" అంటారు. నిజమే, ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటే మానేసుకుంటూ వచ్చారు కదా! బిందె మోయడం కోడలికి అప్పజెప్పారు, సంతకు వెళ్ళడం మానేశారు. కాబట్టి "ఏ పని మానేశావమ్మా, ఎప్పటినుంచి?" అని అడగండి.

2. మొదటి స్కానింగ్ మామూలు ఎకోనే కావాలి

స్టెతస్కోపులో చప్పుడు తేడాగా వినపడగానే డాక్టరు రాసేది ఛాతీ మీద జెల్ పూసి చేసే ఎకో. ఇది అల్ట్రాసౌండ్. రేడియేషన్ లేదు, సూది లేదు, గర్భిణులకూ పసిపిల్లలకూ భయం లేదు. చిన్నపిల్లలకైతే 2021లో టీటీడీ తిరుపతిలోనే ప్రత్యేకంగా శ్రీ పద్మావతి చిన్నపిల్లల గుండె ఆసుపత్రి మొదలుపెట్టింది.

ఈ పద్ధతి పుట్టుకకూ వాల్వులకూ దగ్గరి సంబంధం ఉంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే డాక్టరు, కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, ఓడల కార్ఖానాలో లోహంలో పగుళ్ళు వెతికే యంత్రాన్ని తెచ్చి గుండె మీద పెట్టారు. ఆపరేషన్‌కు ముందు మైట్రల్ వాల్వు పరిస్థితి తెలుసుకోవాలన్నది ఎడ్లర్ తాపత్రయం. మన రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ కనపడే జబ్బు కోసమే ఎకో పుట్టిందన్నమాట.

పరగడుపున రావాల్సిన పనిలేదు. బీపీ మాత్ర మానేసి రాకండి. ముందు గుండీలుండే జాకెట్టో నైటీయో వేసుకుంటే సులువు. ఆడ మనిషి గదిలో ఉండాలని అడగడానికి మొహమాటపడకండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు, ఊపిరి వదిలి ఆగమంటారు. మొత్తం ఇరవై నిమిషాల నుంచి ముప్పావుగంట. వాల్వు జబ్బు ఉన్న మనిషికి ఐదు నిమిషాల్లో ఎకో అయిపోయిందంటే నాకైతే అనుమానమే.

ఎత్తు, బరువు, బీపీ, నాడి, ఈ నాలుగూ ఆ రోజు కొలిచి రిపోర్టులో రాశారో లేదో చూడండి. ఎందుకో మా చిన్నమ్మ కథ చెబితే అర్థమవుతుంది. ఒకచోట తీసిన ఎకోలో మైట్రల్ లీకు 'సివియర్', అంటే తీవ్రం, అని రాశారు. ఇంట్లో అప్పుడే ఆపరేషన్‌కు ఏ నగ తాకట్టు పెట్టాలన్న లెక్కలు మొదలయ్యాయి. రిపోర్టు నా చేతికొచ్చాక చూస్తే బీపీ గడి ఖాళీగా ఉంది. అడిగితే ఆ రోజు మాత్ర వేసుకోలేదట, బస్సు ఆలస్యమై పరుగున వెళ్ళిందట. డాక్టరు బీపీ మందు సరిచేసి మూడు వారాల తర్వాత మళ్ళీ తీయిస్తే 'మోడరేట్', అంటే మధ్యరకం, అని తేలింది. వాల్వు మారలేదు, ముందుకు పోయే దారిలో ఒత్తిడి తగ్గింది కాబట్టి వెనక్కి పోయే రక్తం తగ్గింది. బీపీ లేని లీకు రిపోర్టు, రేటు రాయని కిరాణా చీటీ లాంటిది.

3. రిపోర్టులో ఈ అంకెలు వెతకండి

రెండు మాటలు తెలిస్తే చాలు. స్టెనోసిస్ అంటే వాల్వు సరిగ్గా తెరుచుకోకపోవడం. రిగర్జిటేషన్ అంటే సరిగ్గా మూసుకోక లీకవడం. ఒకే వాల్వుకు రెండూ ఉండవచ్చు.

గుండె నుంచి ఒంటికంతా రక్తం బయటికిపోయే వాల్వు అయోర్టిక్. అది బిగుసుకునే అయోర్టిక్ స్టెనోసిస్‌కు మూడు అంకెలు: రక్తం దూసుకుపోయే వేగం, సగటు ఒత్తిడి తేడా, వాల్వు వైశాల్యం. వేగం సెకనుకు 4 మీటర్లు, సగటు తేడా 40 మిల్లీమీటర్లు (బీపీ కొలిచే పాదరసపు మిల్లీమీటర్లే), ఈ రెంటిలో ఏది చేరినా, దాటినా 'సివియర్'. వైశాల్యం మాత్రం తలకిందులు, 1 చదరపు సెంటీమీటరుకు తగ్గితే సివియర్. మైట్రల్ స్టెనోసిస్‌లో మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండే దారి 1.5కు, అంతకన్నా కిందికి వస్తే గట్టిగా పట్టించుకోవాలి. మైట్రల్ లీకులో గుండె కొట్టుకున్న ప్రతిసారీ 60 మిల్లీలీటర్లు, ఆపైన వెనక్కి పోతుంటే సివియర్ కింద లెక్క.

వేగం ఎలా తెలుస్తుందంటే, రేణిగుంట జంక్షన్లో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆగకుండా పోయే రైలు కూత వినండి. వస్తున్నప్పుడు కీచుగా, దాటిపోగానే బొంగురుగా వినపడుతుంది. 1842లో డాప్లర్ చెప్పింది ఇదే. రక్తకణాల నుంచి తిరిగొచ్చే శబ్దంలో ఈ తేడాను పట్టి మిషన్ వేగం కడుతుంది. ఆ వేగాన్ని అంతతో గుణించి, మళ్ళీ నాలుగుతో గుణిస్తే గరిష్ఠ ఒత్తిడి తేడా వస్తుంది. వేగం 4 అయితే 4 నాలుగులు 16, 16 నాలుగులు 64. మీ రిపోర్టు తీసి లెక్కేసి చూసుకోండి, సరదాగా ఉంటుంది.

ఇందులోనే మోసమూ ఉంది. ప్రోబు కిరణం రక్తధారకు సూటిగా ఎదురుపడకుండా ఏటవాలుగా పడితే వేగం తక్కువగా కనపడుతుంది. అసలు కన్నా ఎక్కువగా చూపడం అరుదు, తక్కువ చూపడమే ఎక్కువ. అందుకే అయోర్టిక్ స్టెనోసిస్ అనుమానం ఉంటే మేం కుడిపక్కకు కూడా తిప్పి చూస్తాం, మెడ కింద గుంటలో పెట్టి చూస్తాం, బొమ్మే రాని పెన్సిల్ లాంటి చిన్న ప్రోబుతో చెవి పెట్టి వెతుకుతాం. "నన్ను కుడిపక్కకు తిప్పారా?" అన్నది ఈ జబ్బున్న మనిషి గుర్తుపెట్టుకోదగ్గ ప్రశ్న.

రంగుల బొమ్మ చూసి భయపడకండి. ఎర్రగా, నీలంగా పెద్ద మంటలా కనపడ్డంత మాత్రాన పెద్ద లీకు కాదు, మిషన్ సెట్టింగు మారిస్తే ఆ మంట పెరుగుతుంది, తరుగుతుంది. గది గోడను రాసుకుంటూ పోయే లీకు ఉన్నదానికన్నా చిన్నగా కనపడి మభ్యపెడుతుంది. ఇక 'ట్రివియల్ టీఆర్', అంటే కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వులో బహుకొద్ది లీకు, అని రాసి ఉంటే హాయిగా ఇంటికి వెళ్ళండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చాలామందికి అంత లీకు ఉంటుంది. ఆ మాట పట్టుకుని రాత్రంతా నిద్రపోని ఒక మాస్టారు పొద్దున ఆరుకే మా గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

4. ఎకో తర్వాత ఇంకోటి రాస్తే, ఏ ప్రశ్నకో అడగండి

చాలామందికి ఎకోతోనే పని అయిపోతుంది. అవ్వనప్పుడు కారణం సాధారణంగా రెండే: బొమ్మ సరిగ్గా రాలేదు, లేదా అంకెలూ మనిషీ ఒకే మాట చెప్పడం లేదు. "సార్, ఈ పరీక్షతో ఏం తేలుతుంది? తేలితే వైద్యం మారుతుందా?" అని నెమ్మదిగా అడగండి. మంచి డాక్టరుకు ఈ ప్రశ్న కోపం తెప్పించదు.

గొంతులో పైపు వేసి చేసే ఎకో, అంటే టీఈఈ, ఎక్కువమంది భయపడేది. అన్నవాహిక గుండె ఎడమ పై గదికి సరిగ్గా వెనకే ఆనుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి చూస్తే పక్కటెముకలు, ఊపిరితిత్తులు అడ్డం రావు. మైట్రల్ వాల్వులో ఏ రెక్క ఎక్కడ చెడింది, వాల్వు మీద ఇన్ఫెక్షన్ ముద్దలున్నాయా, అమర్చిన వాల్వు పక్కనుంచి లీకవుతోందా, ఎడమ పై గది మూలలో రక్తం గడ్డ దాక్కుందా, ఈ ప్రశ్నలకు దీనికి సాటి లేదు. బిగుసుకున్న మైట్రల్ వాల్వును బెలూన్‌తో తెరిచే ముందు ఇది చేసేది ఆ గడ్డ కోసమే. గడ్డ ఉండగా బెలూన్ వేస్తే అది జారి మెదడుకు పోవచ్చు. అయితే గొంతులో వేశారు కాబట్టి అన్నిటికీ ఇదే గొప్ప అనుకోవద్దు. అయోర్టిక్ వాల్వులో వేగం కొలవడానికి ఛాతీ మీది ఎకోకే సూటి కోణం ఎక్కువగా దొరుకుతుంది.

దీనికి ఆరు గంటలు ఏమీ తినకూడదు. నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో, షుగరు మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఏం చేయాలో ముందురోజే అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. కట్టుడు పళ్ళు తీసి ఇంట్లోవాళ్ళకివ్వండి, ఊగే పన్ను ఉంటే చెప్పండి. మింగడానికి ఇబ్బంది, ఇంతకుముందు రక్తపు వాంతి, లివరు జబ్బు, వీటిలో ఏదున్నా దాచొద్దు. గొంతుకు మొద్దుబారే స్ప్రే కొడతారు, కాస్త మత్తు ఇస్తారు. పైపు గొంతు దాటే ఆ కొన్ని క్షణాలే కష్టం, గుటక మింగమన్నప్పుడు మింగితే జారిపోతుంది. తర్వాత గొంతు మొద్దు వదిలేదాకా ఏమీ తాగొద్దు, ఆ రోజు బండి నడపొద్దు.

అంకెలు పొసగని కథ ఎక్కువగా అయోర్టిక్ స్టెనోసిస్‌లోనే వస్తుంది. మామిడి తోటలో నీళ్ళు పట్టేటప్పుడు పైపు మూతి బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరంగా చిమ్ముతాయి. కానీ మోటారుకే బలం లేకపోతే ఎంత నొక్కినా కారడమే తప్ప చిమ్మడం ఉండదు. గుండె కండరం నీరసించిన మనిషికి వాల్వు బాగా బిగుసుకున్నా వేగం 3 దగ్గరే ఆగిపోవచ్చు. రిపోర్టులో ఒకపక్క వైశాల్యం 0.8, ఇంకోపక్క సగటు తేడా 25 అని ఉంటే ఇదే తకరారు. అప్పుడు రెండు దారులు. డాబ్యుటమిన్ అనే మందు సెలైన్‌లో ఎక్కించి గుండెను కాసేపు గట్టిగా కొట్టుకునేలా చేసి ఎకో తీయడం ఒకటి. సీటీలో వాల్వు మీద పేరుకున్న కాల్షియాన్ని కొలవడం రెండోది. ఈ రెండోదానికి డై ఎక్కించరు, ఊపిరి బిగబట్టినంత సేపట్లో అయిపోతుంది. ఆ కాల్షియం స్కోరు మగవాళ్ళకు 2,000, ఆడవాళ్ళకు 1,200 దాటితే జబ్బు సివియర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆడవాళ్ళ వాల్వు తక్కువ కాల్షియంతోనే బిగుసుకుంటుంది కాబట్టి హద్దు వేరు. మగవాళ్ళ లెక్కతో పోల్చి "పర్వాలేదు" అనుకోకండి. వయసుతో వచ్చే జబ్బుకే ఈ హద్దులు. రుమాటిక్ వాల్వుకు వీటిని వాడకూడదు.

డైతో చేసే సీటీ వేరే. ఛాతీ కోయకుండా తొడ రక్తనాళం ద్వారా అయోర్టిక్ వాల్వు మార్చే టావీ అనుకుంటే, ఏ సైజు వాల్వు పడుతుంది, దారిలో రక్తనాళాలు ఎంత వెడల్పున్నాయి అన్నది ఇదే చెబుతుంది. దర్జీ కొలత అనుకోండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడుతుంటే, ఇంతకుముందు డై పడకపోయి ఉంటే చెప్పండి. డై ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కి, ఒంటేలు పోసుకున్నామేమో అనిపిస్తుంది. పోసుకోరు, కంగారుపడొద్దు.

ఇక ఆ పెద్ద మిషన్. లీకు మోడరేటా సివియరా అని ఎకో తేల్చలేకపోయినప్పుడు, గుండె గదులు ఎంత పెరిగాయో కచ్చితంగా కావాలన్నప్పుడు, కండరంలో మచ్చ పడిందా చూడాలన్నప్పుడు ఎంఆర్ఐకి నిజంగా విలువుంది. రేడియేషన్ ఉండదు. ముప్పావుగంట నుంచి గంట దాకా ఇరుకు గొట్టంలో కదలకుండా, చెప్పినప్పుడల్లా ఊపిరి ఆపుతూ పడుకోవాలి. నాడి గతి తప్పినవాళ్ళలో బొమ్మ చెదురుతుంది. సన్నని, అతి వేగంగా పారే ధారను తక్కువ చేసి చూపొచ్చు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. అమర్చిన వాల్వులు చాలావరకు ఎంఆర్ఐకి ఇబ్బంది లేనివే, అయినా వాల్వు అమర్చినప్పుడు ఇచ్చిన కార్డు తీసుకెళ్ళండి. తాళి, మెట్టెలు, గాజులు, పిన్నులు అన్నీ తీయమంటారు. తాళి తీయడానికి మనసొప్పని తల్లులు పసుపు కొమ్ము కట్టిన దారం ముందే మెడలో వేసుకుని వస్తారు. మంచి ఉపాయం, గది బయట గొడవ ఉండదు.

లోహపు వాల్వు ఉన్నవాళ్ళు రక్తం పలచబడే మాత్రలు మానేసి ఆయాసంతో వస్తే రెక్క ఇరుక్కుందేమో చూడాలి. లోహం నీడ వల్ల ఎకోలో రెక్క సరిగ్గా కనపడదు. ఫ్లోరోస్కోపీ, అంటే కదిలే ఎక్స్‌రే కింద రెండు రెక్కలూ తలుపుల్లా తెరుచుకుని మూసుకోవడం కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. ఇది అపాయింట్‌మెంట్ కోసం ఆగే పని కాదు, క్యాజువాలిటీకి వెళ్ళండి.

యాంజియోగ్రామ్ రాశారంటే వాల్వు కోసం అనుకోకండి. ఆపరేషన్‌కు ముందు గుండె రక్తనాళాల్లో పూడికలున్నాయా చూడటానికే ఎక్కువగా చేస్తారు. నలభై దాటిన మగవాళ్ళకు, ముట్లుడిగిన ఆడవాళ్ళకు సాధారణంగా తప్పదు.

5. బొమ్మలన్నీ ఒకచోట, కొలతలు ఒకేచోట

చిత్తూరువాళ్ళు వేలూరు వెళ్తారు, కుప్పంవాళ్ళు బెంగళూరు, సత్యవేడువాళ్ళు చెన్నై. మిగతావాళ్ళు తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో వస్తారు. తప్పులేదు. కానీ ఒక్కోసారి ఒక్కో ఊళ్ళో ఎకో తీయించుకుంటే, జబ్బు మారిందా కొలిచే చెయ్యి మారిందా తెలియదు. వీలైనంతవరకు ఒకేచోట తీయించుకోండి. ఊరు మారాల్సి వస్తే కాగితం చాలదు, కదిలే బొమ్మలున్న సీడీ అడిగి తీసుకోండి. అది ఉంటే కొత్త డాక్టరు తన కళ్ళతో చూసి మళ్ళీ తీయాలో వద్దో చెబుతాడు. ప్రభుత్వ ఆరోగ్య పథకం అనుమతికీ రిపోర్టులు కావాలి కాబట్టి జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి.

మళ్ళీ ఎప్పుడు? అయోర్టిక్ స్టెనోసిస్ తక్కువగా ఉంటే మూడు నుంచి ఐదేళ్ళకు, మధ్యరకమైతే ఏడాది రెండేళ్ళకు, సివియర్ అయి ఇబ్బందేమీ లేకపోతే ఆరు నెలల నుంచి ఏడాదికి ఒకసారి ఎకో. మధ్యలో ఆయాసం పెరిగినా, కళ్ళు తిరిగినా ఈ లెక్క పక్కన పెట్టి వెంటనే వెళ్ళాలి. పెళ్ళైన ఆడపిల్లకు వాల్వు జబ్బుంటే బిడ్డ కోసం అనుకున్నప్పుడే ఒక ఎకో తీయించండి. బిగుసుకున్న మైట్రల్ వాల్వు చాలామందిలో మొదటిసారి బయటపడేది ఐదో నెల, ఆరో నెల ఆయాసంతోనే.

ఫైలు పైన ఒక తెల్లకాగితం పెట్టి నాలుగు గళ్ళు గీయండి: తేదీ, ఆ రోజు బీపీ, ముఖ్యమైన అంకె, ఎన్ని మెట్లు ఎక్కగలిగారు. రుమాటిక్ జ్వరం మళ్ళీ రాకుండా పెనిసిలిన్ ఇంజక్షన్ వేయించుకుంటున్నవాళ్ళు ఆ కార్డును, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చీటీలను దానికే పిన్ను కొట్టండి. లోపలికి పిలవగానే ముందు ఆ కాగితం ఇవ్వండి.